విశాఖ గడియారం, కర్నూలు గడియారం: ఉపగ్రహ సమయంతో రెండింటినీ కలపడం ఎలా?

కొండపల్లి_బొమ్మ (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది చిన్న ఇంటర్నెట్ సంస్థ. విశాఖపట్నంలో ఒక సర్వర్ గది, కర్నూలులో ఇంకొకటి ఉన్నాయి. ప్యాకెట్ (డేటా ముక్క) ఒకవైపు వెళ్లడానికి ఎంతసేపు పడుతోందో కొలిచి చెప్పమని మా పైవారి ఆదేశం. వెళ్లి రావడానికి మొత్తం 18.2 మిల్లీసెకన్లు పడుతోంది, అందులో అనుమానం లేదు. విడదీసి చూస్తేనే చిక్కు. విశాఖ నుంచి కర్నూలుకు 1.2 అనీ, తిరుగు దారిలో 17 అనీ చూపిస్తోంది. ఒక రాత్రి ఏకంగా మైనస్ అంకె వచ్చింది. అంటే ప్యాకెట్ బయలుదేరకముందే చేరిపోయిందన్నమాట!

రెండు సర్వర్లూ ఇంటర్నెట్‌లోని ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే పద్ధతి) సర్వర్ల నుంచే సమయం తీసుకుంటున్నాయి. తేడా ఒక మిల్లీసెకను లోపేనని రెండూ గట్టిగా చెబుతున్నాయి. ఎవరు అబద్ధమాడుతున్నట్టు? రెండు చోట్లా డాబా మీద జీపీఎస్ యాంటెన్నాలు పెట్టించమని ఒక స్నేహితుడి సలహా. నిజంగా అంత అవసరమా?

డెల్టావాసి (రాత్రి 9:58)

ముందు డబ్బు ఖర్చు కాని పని చేయండి. రెండు చోట్లా ఒకే ఎన్‌టీపీ సర్వర్ పెట్టండి, అదీ మన దేశంలో ఉన్నది. యాంటెన్నా అనగానే డాబా యజమాని అనుమతి, పిడుగుల రక్షణ, కోతులు పీకే కేబుల్, అన్నీ వెంటబడి వస్తాయి. లాగ్‌లు (సర్వర్ రాసుకునే నమోదులు) సరిచూసుకోవడానికి పది మిల్లీసెకన్ల తేడా ఏ మాత్రం అడ్డు రాదు.

ధ్రువతార (రాత్రి 10:31)

డెల్టావాసి గారూ, లాగ్‌ల వరకు మీ మాట నిజమే. కానీ ఇక్కడ అడిగింది లాగ్‌ల గురించి కాదు.

బొమ్మ గారూ, ముందు ఒక చిన్న లెక్క. ఫైబర్‌లో కాంతి ఒక కిలోమీటరు నడవడానికి దాదాపు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. విశాఖ నుంచి కర్నూలుకు పటం మీద గీత గీస్తే 590 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఎంత తిన్నగా తీగ వేసినా 2.9 మిల్లీసెకన్ల కంటే ముందు ఏ ప్యాకెట్టూ చేరదు. మీకు 1.2 వచ్చిందంటే మైనస్ కోసం ఎదురుచూడనక్కర్లేదు, గడియారాలు కలవలేదని అప్పుడే తేలిపోయింది.

ఎన్‌టీపీ చేసేదల్లా సర్వర్‌కు ప్రశ్న పంపి, జవాబు వచ్చేదాకా పట్టిన సమయాన్ని సగం చేసి, వెళ్లడానికి సగం, రావడానికి సగం అనుకోవడం. తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు. మొత్తం ప్రయాణాన్ని రెండుతో భాగించి కొండ ఎక్కడానికి ఇంత పట్టిందంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. సర్వర్ వైపు వెళ్లడానికి 30, రావడానికి 10 పట్టిందనుకోండి. ఎన్‌టీపీ 20, 20 అని రాసుకుంటుంది, మీ గడియారం 10 మిల్లీసెకన్లు పక్కకు జరుగుతుంది. ఆ తప్పు దానికి ఎన్నటికీ కనబడదు. “ఒక మిల్లీసెకను లోపే” అన్నది దాని సొంత అంచనా మాత్రమే, కాబట్టి అబద్ధమాడుతోందని కూడా అనలేము.

ఇక్కడ మరీ ఇరకాటం ఏమిటంటే, ఒకవైపు ఆలస్యం తెలియాలంటే గడియారాలు కలవాలి, ఎన్‌టీపీతో గడియారాలు కలవాలంటే ఒకవైపు ఆలస్యం ముందే తెలియాలి. ఆ నెట్‌వర్క్‌తో సంబంధం లేని సమయం బయటి నుంచి రావలసిందే. డాబా మీది యాంటెన్నా అందుకే.

నల్లమల (రాత్రి 10:52)

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఒక సందేహం. ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కదా. సంకేతం కిందకు రావడానికే 67 మిల్లీసెకన్లు పడుతుంది. ఎన్‌టీపీలో ఆలస్యం తెలియకపోవడమే సమస్య అయితే ఇక్కడ మాత్రం ఎలా తెలుస్తుంది?

ధ్రువతార (రాత్రి 11:10)

మంచి ప్రశ్న. దారి శూన్యం, వేగం కాంతి వేగం. ఉపగ్రహం తాను ఎక్కడుందో తన సంకేతంలోనే చెబుతుంది. మీరెక్కడున్నారో కూడా తెలిస్తే దూరం తెలిసినట్టే, దూరం తెలిస్తే ఆలస్యం తెలిసినట్టే. మొదట్లో రిసీవర్‌కు తానెక్కడుందో తెలియదు. పొడవు, వెడల్పు, ఎత్తు, సమయం అనే నాలుగు తెలియని సంఖ్యలకు నాలుగు ఉపగ్రహాలు కావాలి. డాబా కదలదు కాబట్టి కొన్ని గంటలు కొలిచి స్థానాన్ని ఖాయం చేసుకుంటే ఆ తరువాత ఒక్క ఉపగ్రహం కనబడినా సమయం వస్తుంది. సమయం కోసమే తయారుచేసిన రిసీవర్లకూ ఫోనులో ఉండేవాటికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. అవి సెకను మొదలయ్యే క్షణంలో సరిగ్గా ఒక విద్యుత్ పల్స్ ఇస్తాయి. మనకు కావలసింది ఆ పల్స్ అంచే.

మీరు ఫిజిక్స్ విద్యార్థి కాబట్టి ఇంకొకటి. పైన గురుత్వాకర్షణ తక్కువ కావడం వల్ల ఉపగ్రహ గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లకు పైగా ముందుకు పోతుంది. వేగం వల్ల దాదాపు 7 వెనక్కి వస్తుంది. నికరంగా 38 ముందుకు. సరిచేయకపోతే ఒక్క రోజులోనే దూరాల లెక్క 11 కిలోమీటర్లు తప్పుతుంది. అందుకే గడియారాన్ని నేల మీదే కొంచెం నెమ్మదిగా చేసి పంపుతారు. దాని పౌనఃపున్యం 10.23 మెగాహెర్ట్జ్‌కు బదులు 10.22999999543. ఐన్‌స్టీన్ సమీకరణాన్ని ఒక యంత్రపు స్క్రూలో బిగించినట్టు ఉండే ఈ అంకె అంటే నాకు భలే ఇష్టం.

పాతతీగ (బుధవారం, ఉదయం 6:15)

టెలిఫోను శాఖలో జుట్టు నెరిపించుకున్నవాడిని, రెండు ముక్కలు చెప్పనివ్వండి. మీరంతా జీపీఎస్‌తోనే కథ మొదలుపెడతారు. అంతకుముందు సీసియం అణు గడియారాన్ని విమానంలో సీటు మీద కూర్చోబెట్టి దేశదేశాలకు తిప్పేవారు. ఒక ప్రయోగశాల దగ్గర సరిచూసి, ఎగిరి వెళ్లి, ఇంకో ప్రయోగశాల గడియారంతో పోల్చి, మళ్లీ తెచ్చి సరిచూసేవారు. 1962 ఆగస్టులో టెల్‌స్టార్ ఉపగ్రహం ద్వారా అమెరికా, బ్రిటన్ గడియారాలను ఒక మైక్రోసెకను వరకు కలిపారు. అంతకుముందు చేసిన ప్రయత్నాల్లో తేడా 2,000 మైక్రోసెకన్లు ఉండేది.

ఉపగ్రహంలో గడియారమే లేకుండా కూడా ఈ పని చేయవచ్చు నాయనా. భూస్థిర ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల పైన అద్దంలా నిలబడి ఉంటుంది. రెండు కేంద్రాలూ ఒకేసారి ఒకరికొకరు దాని ద్వారా సంకేతం పంపుకుంటాయి. ఎవరికి ఎప్పుడు అందిందో చెప్పుకొని తీసివేత చేస్తే దారి దాదాపుగా కొట్టుకుపోతుంది, గడియారాల తేడా మిగులుతుంది. పైకీ కిందకీ ఒకే దారి, ఒకే క్షణం. ఎన్‌టీపీ ఊహించుకునే సమానత్వం ఇక్కడ నిజంగా ఉంది! ప్రపంచ సమయాన్ని నిర్ణయించే ప్రయోగశాలలు ఒక నానోసెకను కంటే మెరుగ్గా పోల్చుకోవడానికి వాడే పద్ధతుల్లో ఇదొకటి.

సబ్‌స్టేషన్_శారద (బుధవారం, ఉదయం 8:05)

విద్యుత్తు వైపు నుంచి ఒక మాట. మిల్లీసెకను మాకు చాలా పెద్దది. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక మైక్రోసెకను అంటే 0.018 డిగ్రీల కోణం. మిల్లీసెకను అంటే 18 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య వోల్టేజీ కోణంలో 18 డిగ్రీల తప్పు ఉంటే ఆ కొలతను చెత్తబుట్టలో వేయాల్సిందే. గ్రిడ్ పొడవునా పెట్టిన ఫేజర్ కొలత యంత్రాలన్నీ (ఈ కోణాన్ని కొలిచేవి) ఉపగ్రహ సమయంతో ఒకే క్షణాన్ని చూస్తాయి కాబట్టే వాటికి విలువ.

2003 ఆగస్టు 14న ఉత్తర అమెరికాలో పెద్ద చీకటి అలుముకున్నప్పుడు ఏది ముందు పడిపోయింది, ఏది తరువాత అని తేల్చడానికి దర్యాప్తు బృందం నానా తంటాలు పడింది. చాలాచోట్ల రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు. మన దగ్గర 2012 జులై 30, 31 తేదీల్లో వరుసగా రెండుసార్లు గ్రిడ్ కూలాక ఈ కొలతల మీద శ్రద్ధ ఇంకా పెరిగింది.

ఇంకో ఉపయోగం. లైను మీద ఎక్కడో చెట్టుకొమ్మ తగిలి ఫాల్ట్ వస్తే అక్కడి నుంచి రెండు వైపులా ఒక అల దాదాపు కాంతివేగంతో పరుగెత్తుతుంది. ఈ చివరకు ఎప్పుడు చేరింది, ఆ చివరకు ఎప్పుడు చేరింది అని పోలిస్తే ఫాల్ట్ ఎక్కడో తెలుస్తుంది. రెండు గడియారాల మధ్య ఒక మైక్రోసెకను తేడా ఉంటే లెక్క 150 మీటర్లు తప్పుతుంది. అది ఒక టవరు దూరం కూడా కాదు. ఒక మిల్లీసెకను తేడా ఉంటే 150 కిలోమీటర్లు! లైన్‌మన్‌ను ఏ జిల్లాకు పంపాలి?

సికింద్రాబాద్_జంక్షన్ (బుధవారం, ఉదయం 9:20)

రైల్వేలోనూ అంతే. రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్‌లో స్టేషన్ యంత్రం, ఇంజిన్ యంత్రం రేడియోలో మాట్లాడుకుంటాయి. ఎవరి వంతు ఎప్పుడో సమయాన్ని బట్టే నిర్ణయిస్తారు కాబట్టి అందరి గడియారమూ ఒకటే అయి ఉండాలి, అది ఉపగ్రహం నుంచే వస్తుంది. మొదటి పరీక్షలు జరిగింది మన దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి, వికారాబాద్, వాడి వైపు.

కొండపల్లి_బొమ్మ (బుధవారం, మధ్యాహ్నం 1:30)

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. మా అవసరం మైక్రోసెకన్లలో కాదు, పదోవంతు మిల్లీసెకను చాలు. అయినా యాంటెన్నాలే అని నిశ్చయించుకున్నాను. రెండు రిసీవర్లు దొరికాయి. యాంటెన్నా నుంచి గదిలోకి ఒక చోట 42 మీటర్ల కేబుల్, ఇంకోచోట 15 మీటర్లు. దీనివల్ల తేడా వస్తుందా?

ధ్రువతార (బుధవారం, మధ్యాహ్నం 2:05)

వస్తుంది, కానీ మీకు పట్టదు. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు, మంచి రకంలో 4. మీ రెండు కేబుళ్ల మధ్య తేడా 130 నానోసెకన్ల చుట్టూ ఉంటుంది. రిసీవర్ అమరికల్లో కేబుల్ ఆలస్యం అని ఒక గడి ఉంటుంది, అందులో అంకె వేస్తే అయిపోతుంది. మీకు అవసరం లేకపోయినా వేయండి. రేపు ఇంకెవరో అదే పెట్టె నుంచి ఇంకేదో కొలుస్తారు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఉపగ్రహ సమయంలో నేను చూసిన గొడవలన్నీ ఆకాశంలో కాక ఆఖరి కొన్ని మీటర్లలోనే పుట్టాయి. లోకమంతటికీ తెలిసిన ఉదాహరణ 2011 సెప్టెంబరు నాటిది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు, 730 కిలోమీటర్లు నేలలో నుంచి న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు వెళ్లేవి. కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరాయని అక్కడ వాటిని కొలిచిన ఒపెరా బృందం ప్రకటించింది. రెండు చోట్లా ఒకే ఉపగ్రహాన్ని ఒకేసారి చూసి తీసివేత చేసే పద్ధతి వాడారు. అందులో ఉపగ్రహ గడియారపు సొంత తప్పు ఇద్దరికీ ఒకటే కాబట్టి కొట్టుకుపోతుంది. ఆ భాగమంతా చక్కగా ఉంది. తప్పు ఎక్కడంటే, జీపీఎస్ సంకేతాన్ని ప్రధాన గడియారానికి తెచ్చే ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగియలేదు. దానివల్ల దాదాపు 73 నానోసెకన్ల ఆలస్యం. ఇంకొక ఆసిలేటర్ (గడియారపు టిక్కులిచ్చే భాగం) వైపు ఉన్న చిన్న తప్పు దీనిలో కొంత తగ్గించింది. పైన ఉపగ్రహాలు, కింద సీసియం గడియారాలు, మధ్యలో వదులుగా ఉన్న ఒక ప్లగ్. ఐన్‌స్టీన్ తప్పన్నారని నెలల తరబడి పత్రికలు రాశాయి!

నల్లమల (బుధవారం, మధ్యాహ్నం 2:40)

మరి ఉపగ్రహాలు ఎప్పుడూ తప్పు చెప్పవా?

డాలస్_నుంచి (బుధవారం, రాత్రి 7:15)

చెబుతాయి తమ్ముడూ. 2016 జనవరి 26న, మన గణతంత్ర దినం రోజునే. 1990లో ఎగిరిన పాత జీపీఎస్ ఉపగ్రహం ఒకదాన్ని సేవ నుంచి తప్పించారు. ఆ క్రమంలో యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మార్చే సవరణ తప్పుగా ప్రసారమైంది. 13.7 మైక్రోసెకన్ల తేడా. చిన్నదిగా కనిపిస్తుంది కానీ టెలికాం నెట్‌వర్కుల్లో గంటల తరబడి అలారాలు మోగాయి. జీపీఎస్ సొంత సమయానికి మాత్రం ఏమీ కాలేదు, యూటీసీగా మార్చే లెక్కే చెడింది.

5జీ వంటి వాటిలో ఒకే పౌనఃపున్యం మీద పంపడం, వినడం వంతులవారీగా జరుగుతాయి. అక్కడ టవర్లన్నీ ప్లస్ లేదా మైనస్ 1.5 మైక్రోసెకన్లలోపు కలిసి ఉండాలి. ఒకడు వినాల్సిన వేళకు పక్కవాడు అరుస్తుంటే ఎలా? 13.7 అంటే ఆ లెక్కన ఎంత పెద్దదో చూడండి.

డెల్టావాసి (బుధవారం, రాత్రి 7:50)

నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే. అంతా ఒకే ఆధారం మీద వేలాడదీస్తున్నారు. నేలకు చేరే జీపీఎస్ సంకేతం బలం ఒక వాటులో వంద కోట్ల కోట్ల వంతు. అమెరికాలో ఒక ట్రక్కు డ్రైవరు తన యజమాని తనను గమనించకుండా ఉండాలని చిన్న జామర్ (సంకేతాన్ని అడ్డుకునే పరికరం) పెట్టుకుని తిరిగితే న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ విమానాశ్రయంలో ఉపగ్రహ ఆధారిత వ్యవస్థ తడబడింది. 2013లో అతనికి 30 వేల డాలర్లకు పైగా జరిమానా వేశారు. మన హైవే పక్క సర్వర్ గదులకు అలాంటి లారీ రాదని హామీ ఉందా?

ధ్రువతార (బుధవారం, రాత్రి 8:30)

లేదు. అందుకే ఉపగ్రహం మాయమైనప్పుడు పెట్టె ఎంతసేపు సొంతంగా నిలబడుతుందన్నది కొనేముందే అడగాలి. మామూలు క్వార్ట్జ్ పది లక్షల్లో ఒక వంతు తప్పిందంటే రోజుకు 86 మిల్లీసెకన్లు. వేడిని స్థిరంగా ఉంచే గూటిలో పెట్టిన మంచి క్వార్ట్జ్, వెయ్యి కోట్లలో ఒక వంతు అనుకుంటే రోజుకు 8.6 మైక్రోసెకన్లు. రుబీడియం అణు గడియారం ఇంకో పది రెట్లు మెరుగు. బొమ్మ గారికి పదోవంతు మిల్లీసెకను చాలు కాబట్టి గూటి క్వార్ట్జ్‌తో వారం పైన గడిచిపోతుంది. రుబీడియం కొనిపించాలని చూసే అమ్మకందార్లకు లొంగవద్దు.

ఒకే వ్యవస్థను నమ్ముకోవద్దన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఐరోపా గెలీలియో, రష్యా గ్లోనాస్, మన నావిక్ కూడా వినే రిసీవర్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. జామర్‌కు అవన్నీ ఒకటే, కానీ 2016 తరహా తప్పును పోల్చి పట్టుకోవచ్చు.

పాతతీగ (గురువారం, ఉదయం 6:05)

నావిక్ పేరెత్తారు కాబట్టి. మొదటి తరం ఉపగ్రహాల్లో విదేశాల నుంచి తెచ్చిన రుబీడియం గడియారాలు ఒక్కొక్కటే మొరాయించాయి. మొదటి ఉపగ్రహంలో మూడూ పోయాయి. గడియారం పోతే ఉపగ్రహం బతికే ఉన్నా దారి చూపే పనికి పనికిరాదు. ఆ తరువాత మనవాళ్లే రుబీడియం గడియారం తయారుచేసి 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో పంపారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి జరిగిన నూరో ప్రయోగంలో ఎన్‌వీఎస్-02 వెళ్లింది. కానీ ఇంజిన్‌కు ఆక్సిడైజర్ అందించే వాల్వులు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేదు. నావిక్ వినే రిసీవర్ తప్పక కొనండి, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకునే రోజు మాత్రం ఇంకా రాలేదు.

సబ్‌స్టేషన్_శారద (గురువారం, ఉదయం 8:40)

మన ప్రాంతానికి ఇంకో తలనొప్పి ఉంది. మనం అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. సూర్యాస్తమయం తరువాత అయనావరణంలో (వాతావరణపు పైపొరలో) కల్లోలం రేగుతుంది, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు రాత్రుల్లో. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న ఏడాదుల్లో రిసీవర్ కొన్ని ఉపగ్రహాలను వదిలేస్తుంది. తిరుపతి దగ్గరి గాదంకిలో రాడార్‌తో పరిశీలించేవాటిలో ఈ కల్లోలాలూ ఉన్నాయి. రాత్రి 8, 9 గంటలకు అలారం వచ్చి అర్ధరాత్రి దాటాక దానంతటదే పోతే కేబుల్ పీకి చూడకండి, ముందు నెల చూడండి.

కొండపల్లి_బొమ్మ (మరుసటి సోమవారం, సాయంత్రం 5:20)

బిగించాం. విశాఖది బాగానే ఉంది. కర్నూలు పెట్టె ఆన్ చేయగానే సరిగ్గా 18 సెకన్లు ముందు చూపించింది! కంగారుపడి ఇంజినీరుకు ఫోను చేసేలోపు, టీ తాగి వచ్చేసరికి సరిపోయింది. ఇదేమి విచిత్రం?

డాలస్_నుంచి (సోమవారం, సాయంత్రం 6:00)

విచిత్రం కాదు. జీపీఎస్ సమయం 1980 జనవరి 6న మొదలైంది, దానికి లీపు సెకన్లు (భూభ్రమణంతో సరిపోవడానికి అప్పుడప్పుడు యూటీసీకి కలిపేవి) కలపరు. అప్పటి నుంచి యూటీసీకి 18 కలిశాయి, ఆఖరిది 2016 డిసెంబరు 31 రాత్రి. ఎన్ని సెకన్లు తీసేయాలో ఉపగ్రహం చెబుతుంది కానీ ఆ పూర్తి సందేశం ఒకసారి తిరగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. అది అందేదాకా కొన్ని రిసీవర్లు జీపీఎస్ సమయాన్నే యూటీసీ అని చెప్పేస్తాయి. ఆ వ్యవధిలో పెట్టె ఎవరికీ సమయం ఇవ్వకుండా ఆపే అమరిక ఉంటుంది, వెతికి పెట్టండి.

ఇంకొక జాగ్రత్త. కొన్ని పెద్ద సంస్థల ఎన్‌టీపీ సర్వర్లు లీపు సెకనును ఒకేసారి కలపకుండా రోజంతా కొద్దికొద్దిగా పూస్తాయి. అలాంటిదాన్నీ, మీ ఉపగ్రహ పెట్టెనూ ఒకే జాబితాలో పెట్టవద్దు. లీపు సెకను వచ్చిన రోజు రెండూ అర సెకను వరకు విడిపోతాయి, మీ సర్వర్ ఎటు వెళ్తుందో దేవుడికే తెలియాలి.

కొండపల్లి_బొమ్మ (సోమవారం, రాత్రి 9:10)

అమరిక దొరికింది, పెట్టాను. ఇక అసలు ఫలితం. విశాఖ నుంచి కర్నూలుకు 7.4 మిల్లీసెకన్లు, తిరిగి రావడానికి 10.8. మొత్తం అదే 18.2. మూడు రోజులుగా కదలలేదు. ఇన్నాళ్లూ రెండు గడియారాల మధ్య 6.2 మిల్లీసెకన్ల తేడా ఉన్నట్టు లెక్క. కానీ వెళ్లే దారికీ వచ్చే దారికీ 3.4 తేడా ఎందుకు?

ధ్రువతార (సోమవారం, రాత్రి 9:35)

3.4 మిల్లీసెకన్లంటే 680 కిలోమీటర్ల ఫైబర్. హైదరాబాద్ మీదుగా కర్నూలు, విశాఖల మధ్య రమారమి 830 కిలోమీటర్లు. బెంగళూరు, చెన్నైల మీదుగా తిరిగితే 1,500. తేడా మీ అంకెకు దగ్గరగానే ఉంది. తిరుగు ప్యాకెట్లు దక్షిణానికి వెళ్లి వస్తున్నాయని నా అనుమానం. లైను అద్దెకిచ్చిన వారిని అడగండి.

డెల్టావాసి (సోమవారం, రాత్రి 9:50)

సరే, ఈసారికి యాంటెన్నా గెలిచింది. ఇంకో విషయం మరిచిపోకండి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్రం సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ గడియారాలు ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతోనో, వాటితో ముడిపడిన సర్వర్లతోనో కలవాలి. ఆడిట్‌కు వచ్చినవారు డాబా మీది యాంటెన్నా చూసి మురిసిపోరు, కాగితం అడుగుతారు. ప్రయోగశాల సర్వర్‌ను కూడా జాబితాలో ఉంచి, ఉపగ్రహ పెట్టెతో తేడాను రోజూ నమోదు చేయండి. పిడుగుల నుంచి రక్షణ పరికరం పెట్టారా?

కొండపల్లి_బొమ్మ (సోమవారం, రాత్రి 10:05)

విశాఖలో పెట్టాం. కర్నూలులో ఎర్తింగ్ పని ఈ వారంలో పూర్తవుతుంది. అంతవరకు మబ్బు పడితే కేబుల్ విప్పమని అక్కడి కుర్రాడికి చెప్పాను.

పాతతీగ (మంగళవారం, ఉదయం 6:10)

విప్పడం సరే, మళ్లీ పెట్టేటప్పుడు కనెక్టర్ పూర్తిగా బిగించమని కూడా చెప్పండి. ఆ రక్షణ పరికరం కూడా కొన్ని నానోసెకన్లు తింటుంది, కేబుల్ గడిలో దాన్నీ కలపండి.